బేస్ ఊదేవాడికి ఏ పుస్తకం?

పోయిన నెల ఒక ఆదివారం. ఆరాధన అయిపోయి, చర్చి వెనక గదిలో కుర్చీలు సర్దుతున్నాం. నా దగ్గర బేస్, అంటే ట్యూబా అనే పెద్ద ఇత్తడి బాకా, నేర్చుకుంటున్న కుర్రాడు ఫోన్ పట్టుకొచ్చాడు. "మాస్టారూ, వీటిల్లో ముందు ఏది మొదలెట్టమంటారు?" అన్నాడు. చూస్తే ఒక ఫోల్డరు, అందులో సాధన పుస్తకాలవి 41 పీడీఎఫ్‌లు. కొన్ని రెండేసి మూడేసి సార్లు ఉన్నాయి. ఒకటైతే అసలు ట్యూబాదే కాదు, బసూన్‌ది.

"ఇప్పటిదాకా ఎన్ని పేజీలు ఊదావురా?"

"ఏది మంచిదో తెలిస్తే మొదలెడదామని..."

తిడదామనుకున్నాను గానీ నోరు రాలేదు. ఇరవై రెండేళ్ల కిందట నేనూ ఇదే ప్రశ్న పట్టుకుని తిరిగాను. అప్పుడు ఇన్ని పీడీఎఫ్‌లు లేవు కాబట్టి నా వెర్రి చేతిసంచిలో సరిపోయింది, అంతే తేడా. ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపులన్నీ తిరిగాను. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వరసగా మూడేళ్లు వెళ్లాను. కీబోర్డుకి, గిటారుకి, వయొలిన్‌కి ఉన్నాయి. "ట్యూబా" అంటే ఒకాయన "ట్యూబ్‌లైటా?" అన్నాడు. ఆయన తప్పేం లేదు. మా గుంటూరులో కూడా దాన్ని ట్యూబా అనేవాళ్లు తక్కువ. బ్యాండు మేళంలో దాని పేరు బేస్. పెళ్లి ఊరేగింపులో అందరికంటే వెనక, ఒంటికి చుట్టుకున్న ఇత్తడి కొండచిలువలా ఉండే పెద్ద బాకా కనిపిస్తుందే, అది సూసాఫోన్. అదీ ట్యూబా జాతిదే, నడుస్తూ ఊదడానికి వీలుగా వంచారు. మా నాన్న ఊదింది అదే.

ఆ రోజు కుర్రాడికి చెప్పిన జవాబు చాలా పొట్టి. ఇంటికొచ్చాక అది చాలలేదనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు నాన్న సంగతి చెప్పాలి. ఆయన మేళంలో ముప్పై ఏళ్లు బేస్ ఊదారు. నొటేషన్ రాదు. కొత్త సినిమా పాట ఒక్కసారి వింటే చాలు, దాని కింద బేస్ ఎక్కడ పడాలో తెలిసిపోయేది. క్లారినెట్ ఆయన ఇంకా పల్లవి వెతుక్కుంటుంటే నాన్న అప్పటికే ఢుం... ఢుం అని నడక మొదలెట్టేవారు. స, ప. మళ్లీ స, ప. పాట మారితే స మారుతుంది, అంతే. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం ఇలా ముహూర్తాలు ఉన్నన్నాళ్లూ రాత్రి రెండింటిదాకా అదే. మూఢం వస్తే బేస్ మూలకు చేరేది, దాని వెడల్పాటి మూతి మీద అమ్మ తువ్వాళ్లు ఆరేసేది.

నేను పుస్తకం కావాలన్నప్పుడు ఆయన ఎగతాళి చేశారు. "పుస్తకాన్ని ఊదుతావా, పాటని ఊదుతావా?" అన్నారు. ఆ మాటకి చాలా ఏళ్లు నా దగ్గర జవాబు లేదు. ఒక మూఢంలో, ఊరికే కూర్చున్నప్పుడు, "నాన్నా, ఆ పాట మొత్తం బేస్ మీద వాయించు" అని అడిగాను. ఆ పాట ఆయన వెయ్యి పెళ్లిళ్లలో మోసి ఉంటారు. మొదలెట్టారు. పల్లవి రెండో పాదం దగ్గర ఊపిరి అయిపోయింది. చరణంలో వేళ్లు తడబడ్డాయి. బేస్ కిందపెట్టి, "ఇది మన పని కాదురా" అని నవ్వేశారు. ఆయనకి పాటంతా వచ్చు. నోటితో అద్భుతంగా పాడేవారు. ఆయన చేతిలోని బేస్‌కి మాత్రం రాదు, ఎందుకంటే ముప్పై ఏళ్లలో దాన్ని ఒక్కరూ అడగలేదు.

నా వాదన అక్కణ్నుంచే మొదలవుతుంది. సాధన పుస్తకం ఎంచుకునేటప్పుడు, మన బ్యాండు మనకి ఏది ఇవ్వడం లేదో చూసుకుని అది ఇచ్చే పుస్తకం కొనాలి. ట్రంపెట్ వాడికి రోజంతా పాటే. పొద్దున్నుంచి రాత్రిదాకా వరస వాయించీ వాయించీ ఉంటాడు. వాడికి లేనిది వేళ్ల కసరత్తు, నాలుక చురుకు. అందుకని వాడు కసరత్తు పుస్తకం కొనుక్కోవడం న్యాయం. బేస్ వాడి సంగతి సరిగ్గా తిరగేసి ఉంటుంది. వాడికి నడక ఉంది, లయ ఉంది, పాట లేదు. అయినా ఎవరిని అడిగినా ఇద్దరికీ ఒకే సలహా ఇస్తారు: "ఆర్బన్ కొను."

ఆర్బన్ అంటే తెలియనివాళ్ల కోసం: జ్యాఁ బాప్తీస్త్ ఆర్బన్ ఫ్రెంచివాడు, కార్నెట్ (ట్రంపెట్ లాంటి చిన్న బాకా) విద్వాంసుడు. ఆయన పెద్ద పాఠ్యగ్రంథం 1864లో వచ్చింది. ఇత్తడి వాయిద్యాలవాళ్లు ఇవాళ్టికీ దాన్ని బైబిల్ అంటారు, మా ఇంట్లో ఆ మాట అనలేం గానీ. నిజానికి అది ఒక్క కార్నెట్‌కే రాసింది కూడా కాదు. ఆయన పారిస్ కన్సర్వేటరీలో, అంటే సంగీత కళాశాలలో, 1857 నుంచి సాక్స్‌హార్న్ పాఠం చెప్పాడు, పుస్తకం పేరులోనే సాక్స్‌హార్న్ ఉంది. అది మన బేస్‌కి దగ్గర చుట్టమే. తర్వాత ట్యూబా కోసం మార్చి రాసిన ప్రతులూ వచ్చాయి. అందుకని "అది ట్రంపెట్ పుస్తకం, మనకెందుకు" అని నేను అనను.

నా గొడవ వేరే. ట్యూబాలో కింది స్వరం పలకాలంటే గాలి ధారాళంగా పోవాలి. కార్నెట్ వాడు ఒక్క ఊపిరిలో దాటేసే నాలుగు బార్ల (తాళం గడుల) ముక్కలో మనం రెండుసార్లు ఊపిరి తీసుకోవాలి. కసరత్తు పాఠంలో అలా ఆగడానికి చోటుండదు, దాన్ని రాసినవాడి మనసులో ఉన్నది చిన్న వాయిద్యం. దాంతో ఏమవుతుందంటే, పిల్లవాడు ఎక్కడ గాలి అయిపోతే అక్కడ తెంచేస్తాడు. వంద పేజీలు అలా తెంచడం అలవాటైతే ఆ తర్వాత ఏ పాటనైనా అలాగే తెంచుతాడు. నేను మొదటి పేజీ నుంచి వరసగా పోయి నలభయ్యో పేజీ దాకా వచ్చి ఆగిపోయాను. వేళ్లు బాగా పరిగెత్తేవి. ఒక కీర్తన వాయించమంటే మాత్రం నత్తివాడు మాట్లాడినట్టుండేది. ఆర్బన్ ఇంట్లో ఉండాలి, జ్వరం మాత్రల డబ్బా ఉన్నట్టు. ఏ నొప్పి వస్తే ఆ పేజీ తీసుకోవాలి. దాన్ని రోజూ అన్నంలా తినమని చెప్పేవాళ్లతోనే నా తగాదా.

మరి అన్నం ఏది?

మార్కో బోర్డోన్యీ అని ఒక ఇటాలియన్ గాయకుడు. 1789లో పుట్టి 1856లో పోయాడు. పారిస్‌లో ఒపేరా పాడేవాడు, కన్సర్వేటరీలో గాత్రం నేర్పేవాడు. శిష్యుల కోసం మాటల్లేని పాటలు రాశాడు, గొంతు సాధన కోసం. వాటిని బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో ట్రాంబోన్ (జారుడు గొట్టం బాకా) వాయించిన జోవానెస్ రోషూ 1928లో ట్రాంబోన్‌కి మార్చి మూడు భాగాలుగా వేశాడు, మొత్తం 120 పాఠాలు. ట్యూబావాళ్లు అవే తీసుకుని ఒక స్థాయి కిందకి వాయిస్తారు. ట్యూబా కోసమే చెస్టర్ రాబర్ట్స్ ఏరికూర్చిన 43 పాఠాల సంపుటి కూడా ఉంది. ఒక్క పుస్తకమే కొనగలను అనేవాడికి నేను చెప్పేది ఈ బోర్డోన్యీ పాఠాలే. రెండో మాట లేదు.

ఎందుకంటే దీన్ని రాసినవాడికి ఎదురుగా ఉన్నది గొట్టం కాదు, మనిషి. ఆ మనిషికి ఊపిరితిత్తులు ఉన్నాయి, గొంతు అలిసిపోతుంది, పై స్వరానికి వెళ్లేముందు ఒక ఆసరా కావాలి. అందుకే ఆ వరసల్లో ఊపిరి తీసుకునే చోట్లు వాటంతటవే కనిపిస్తాయి. మొదటి పాఠం చూస్తే చాలా తేలికగా ఉంటుంది. పిల్లలు నోటేషన్ చూసి "ఇంతేనా?" అంటారు. ఊదాక తెలుస్తుంది. మూడో వరసకి వచ్చేసరికి కళ్లు తిరుగుతాయి.

సాధన ఎలాగంటే, నేను ముందు పాడిస్తాను. గొంతు బాగుండక్కర్లేదు, శ్రుతి ఉంటే చాలు. తర్వాత మౌత్‌పీస్ ఒక్కటే పెట్టుకుని అదే వరస. ఇది వినడానికి ఘోరంగా ఉంటుంది. బ్రాడీపేటలో అద్దెకున్నప్పుడు కింది వాటా ఆమె మా ఆవిణ్ని అడిగింది, "మీరు మేడమీద గేదెని కట్టేసుకున్నారా?" అని. ఆ తర్వాతే నేను చర్చి గదికి మారాను. ఆ మారడం కూడా సుఖం కాదు. మిర్చి సీజనులో గాలి ఎటు తిరిగినా ఘాటు వస్తుంది. కడుపునిండా ఊపిరి పీల్చాల్సిన వాయిద్యానికి గుంటూరుని మించిన పరీక్షాకేంద్రం ఉండదు.

మూడో మెట్టుకి గానీ బేస్ ముట్టుకోనివ్వను. పిల్లలు విసుక్కుంటారు. "వాల్వులు నొక్కడానికి వచ్చాం గానీ పాటల క్లాసుకా మాస్టారూ?" అంటారు. వాళ్లకి ఆర్నాల్డ్ జేకబ్స్ సంగతి చెబుతాను. 1944 నుంచి 1988 దాకా షికాగో సింఫనీలో ట్యూబా ఆయనదే. ఊపిరితిత్తుల జబ్బుల వల్ల ఆయనకి మామూలు మనిషికున్నంత గాలి కూడా ఉండేది కాదు. అంత పెద్ద వాయిద్యం, అంత తక్కువ గాలి. ఆయన పాఠమంతా "సాంగ్ అండ్ విండ్" అనే రెండు మాటల్లో ఉంది, అంటే పాట, గాలి. ముందు స్వరం బుర్రలో మోగాలి, తర్వాత గాలి దాన్ని మోసుకుపోవాలి. పెదవి ఇలా, నాలుక అలా అని అవయవాల లెక్కల్లో పడొద్దని ఆయన ఉద్దేశం. మా నాన్న అన్నదీ ఇదేగా, పుస్తకాన్ని ఊదుతావా పాటని ఊదుతావా అని. ఆ ప్రశ్నకి జవాబు పాటలా ఉన్న పుస్తకం కొనుక్కోవడమే అని నాకు తోచేసరికి ఆయన లేరు.

ఇక్కడ ఒక అనుమానం వస్తుంది. గుంటూరులో పుట్టి, త్యాగరాజ కీర్తనలు రేడియోలో వింటూ పెరిగినవాడికి ఇటలీ గాయకుడి పాఠాలే దిక్కా? మనకి సరళీ స్వరాలు లేవా? ఉన్నాయి. అసలు వయసు చూస్తే మన బేసే చిన్నది. విల్‌హెల్మ్ వీప్రెహ్ట్, మోరిట్స్ అనే ఇద్దరు బెర్లిన్‌లో దానికి పేటెంటు తీసుకున్నది 1835 సెప్టెంబరులో. అప్పటికి త్యాగరాజు ఇంకా బతికే ఉన్నాడు, 1847 దాకా ఉన్నాడు. ఫాదర్ హేయర్ మా గుంటూరుకి వచ్చి లూథరన్ మిషను పెట్టింది 1842లో. అంటే అప్పటికి ట్యూబాకి ఏడేళ్లు. ఇంత చిన్న వాయిద్యానికి తనదంటూ పాత పాఠాలు ఎక్కణ్నుంచి వస్తాయి? ఎప్పుడూ ఎవరిదో ఒకరిది అప్పు తెచ్చుకోవాల్సిందే. గాయకుడి దగ్గర, కార్నెట్ దగ్గర, హార్న్ దగ్గర. అలాంటప్పుడు మన పక్కింట్లో అప్పు తెచ్చుకుంటే తప్పేముంది?

నేను తెచ్చుకున్నాను. మా పెద్దమ్మాయి వీణ నేర్చుకునే రోజుల్లో దాని నోటుపుస్తకం తీసుకుని సరళీ స్వరాలు బేస్ మీద మొదలెట్టాను. అందరికీ తెలిసిందే, మాయామాళవగౌళ రాగం. మా బేస్ పాశ్చాత్య స్వరం బి ఫ్లాట్‌లో ఉంటుంది, వాల్వు నొక్కకుండా ఊదితే బి ఫ్లాట్. కాబట్టి అదే స అనుకుని, ఫోన్‌లో శ్రుతి ఆరున్నరకి పెట్టుకుని మొదలెట్టాను. రెండో స్వరానికే అపస్వరం! స బాగుంది, రి పైకి పోతోంది. వారం రోజులు పెదవిని తిట్టుకున్నాను.

తప్పు పెదవిది కాదు, గొట్టానిది. ఇది కొంచెం విడమరిచి చెప్పాలి, ఎందుకంటే పుస్తకం ఎంచుకోవడంలో దీని పాత్ర చాలా ఉంది. బి ఫ్లాట్ బేస్ గొట్టం విప్పదీస్తే దాదాపు 18 అడుగులు. మొదటి వాల్వు నొక్కితే దానికి సుమారు 2.2 అడుగులు, రెండోదానికి 1.1, మూడోదానికి 3.4 అడుగులు కలుస్తాయి. కింది స్థాయిలో ఆ శుద్ధ రిషభం పలకాలంటే మూడూ కలిపి నొక్కాలి. మొత్తం 6.7 అడుగులు కలిసింది. కావాల్సింది మాత్రం దగ్గర దగ్గర 7.5. ఒక్కో వాల్వునీ ఖాళీ గొట్టం లెక్కకి కొలిచి చేశారు గానీ, మిగతా రెండూ తెరుచుకుని గొట్టం పొడుగైపోయాక ఆ కొలత చాలదు. లెక్క ప్రకారం 9 అంగుళాలు తక్కువ. గొట్టం పొట్టిదైతే స్వరం పైకి పోతుంది. దీన్ని సరిదిద్దడానికే 1874లో బ్లైక్లీ అనే ఆయన కాంపెన్సేటింగ్ పద్ధతి కనిపెట్టాడు, నాలుగో వాల్వు పెట్టేవాళ్లూ ఉన్నారు. మనకి చేతికొచ్చే మామూలు మూడు వాల్వుల బేస్‌లో ఆ సదుపాయం ఉండదు.

పరిష్కారం నాకు వీణ దగ్గరే దొరికింది. స ఎక్కడ ఉండాలో వాయిద్యం చెప్పకూడదు, వాయించేవాడు చూసుకోవాలి. ఎఫ్‌ని స చేసుకున్నాను, అంటే నాలుగు శ్రుతి. అప్పుడు ఏడు స్వరాల్లో దేనికీ మూడు వాల్వులు కలిపి నొక్కే పని లేదు. స ఖాళీ (ఏ వాల్వూ నొక్కక్కర్లేదు), రి రెండు-మూడు, గ రెండు, మ ఖాళీ, ప ఒకటి, ద రెండు, ని రెండు, పై స ఖాళీ. ఎంత హాయిగా ఉందో! ఆ రోజు నుంచి కొత్తగా చేరిన పిల్లలకి మొదటి పాఠం ఇదే. నాలుగు శ్రుతిలో తంబూరా పెట్టి, మొదటి కాలంలో, అంటే నెమ్మది నడకలో, సరళీ స్వరాలు, ఆ పైన జంట స్వరాలు. అలంకారాలకి వచ్చేసరికి ఏడు తాళాలు వస్తాయి. చాపు తాళం నడకలో పెళ్లి పాట వచ్చినప్పుడు వాళ్ల బేస్ తూలదు. రెండు మూడు కాలాల్లో వాయించమని మాత్రం తొందరపెట్టను. గమకం, అంటే స్వరాన్ని ఊపడం, దాని జోలికి అసలు పోను. వాల్వుల మీద గమకం తెస్తానని కూర్చోవడం అరటిచెట్టు ఎక్కి కొబ్బరికాయ వెతకడమే.

సరళీ స్వరాలకి ఇంకో గొప్పగుణం ఉంది, అవి బట్టీ వస్తాయి. పుస్తకం మూసేసి ఊదొచ్చు, అప్పుడు చెవి తెరుచుకుంటుంది. లోపం కూడా అక్కడే. చూసి చదవడం రాదు. సైట్ రీడింగు కావాల్సినవాడికి ఇవి చాలవు.

నా దగ్గరకొచ్చిన కుర్రాడికి అదే కావాలి. వాడికి మిలటరీ బ్యాండులో చేరాలని ఉంది. సైన్యానికి పచ్‌మఢీలో సంగీతం నేర్పే విభాగం ఉంది, అక్కడ స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల స్వరలిపి) రానివాడు నెగ్గలేడు. వాడి తండ్రి ఆటో నడుపుతాడు. కొడుక్కి ఉద్యోగం రావాలనే ఆయన వాణ్ని నా దగ్గరకి పంపుతున్నాడు గానీ బోర్డోన్యీ కోసం కాదు. "బేస్‌కి పాట కావాలి" అన్న నా వాదన ఆయన ముందు నిలబడి చెబితే, నాకే కాస్త మొహమాటంగా ఉంటుంది. అయినా చెబుతాను. స్కేళ్లు, ఆర్పెజ్జియోలు, చూసి చదవడం అన్నీ చేయిస్తాను. రోజూ గంట సాధనలో ఇరవై నిమిషాలు దానికే. అందుకు హార్న్ అనే చుట్టల బాకా కోసం కోప్రాష్ అనే ఆయన రాసిన పాఠాలు ట్యూబాకి మార్చినవి బాగా పనికొస్తాయి. ఎండు చేపలా ఉంటాయి, రుచి ఉండదు, బలం ఉంటుంది. పెద్దయ్యాక, చెవి గట్టిపడ్డాక, రష్యన్ మాస్టరు బ్లాజెవిచ్ బి ఫ్లాట్ ట్యూబాకే రాసిన 70 పాఠాలు మొదలెట్టొచ్చు. అవి మొదట్లోనే చేతికిస్తే బేస్ అమ్మేస్తారు.

గ్రేడ్ పరీక్షల పుస్తకాల గురించి ఎక్కువ చెప్పను. ట్రినిటీ, ఏబీఆర్ఎస్ఎమ్ అనే లండన్ పరీక్షా సంస్థలు రెండూ ట్యూబాకి గ్రేడులు ఇస్తాయి. సర్టిఫికెట్టు పనికొస్తుందంటే రాయండి. కానీ ఏడాదంతా మూడే మూడు ముక్కలు అరగదీసి, మార్కులొచ్చాక ఇంకేమీ ఊదలేని పిల్లల్ని చూశాను. ఇంటర్‌లో ముఖ్యమైన ప్రశ్నల గైడు చదివినట్టే.

కొనేముందు చూసుకోవాల్సిందొకటి ఉంది, దాన్ని నా డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. మొట్టమొదటిసారి ఆన్‌లైన్‌లో ఒక పుస్తకం తెప్పించాను. రెండు వేల పైచిలుకు, అప్పట్లో నాకది చిన్న సొమ్ము కాదు. అట్ట మీద బి ఫ్లాట్ బేస్ అని ఉంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. విప్పితే అంతా ట్రెబుల్ క్లెఫ్ (క్లెఫ్ అంటే గీతల మొదట్లో ఉండే గుర్తు, ఏ గీత ఏ స్వరమో అదే చెబుతుంది). నాకు చదవడం వచ్చింది బేస్ క్లెఫ్ ఒక్కటే. అచ్చుతప్పేమో అనుకున్నాను కూడా! తర్వాత తెలిసింది, బ్రిటిష్ బ్రాస్ బ్యాండు పద్ధతిలో బేస్ ట్రాంబోన్ తప్ప ఇత్తడి వాయిద్యాలన్నీ ట్రెబుల్ క్లెఫ్‌లోనే రాస్తారని. కార్నెట్ ఊదేవాడు రేపు బేస్ పట్టుకున్నా అదే గుర్తుకి అవే వేళ్లు. తెలివైన ఏర్పాటే. కానీ కాగితం మీద సి కనిపిస్తే బి ఫ్లాట్ బేస్‌లో మోగేది రెండు స్థాయిలకి పైగా కిందున్న బి ఫ్లాట్. బేస్ క్లెఫ్‌లో రాసిన ట్యూబా పుస్తకంలో ఆ మాయ ఉండదు, రాసిందే మోగుతుంది. అక్కడ చిక్కు ఇంకోటి: మీ బేస్ బి ఫ్లాట్‌దా, ఈ ఫ్లాట్‌దా అన్నదాన్ని బట్టి ఒకే గుర్తుకి వేళ్లు మారిపోతాయి.

తిప్పి పంపాలంటే గడువు దాటిపోయింది. ఆ పుస్తకం ఆరేళ్లు బీరువాలో ఉంది. చివరికి ట్రెబుల్ క్లెఫ్ నేర్చుకున్నాను, కోపంతో. ఇవాళ అది నాకు చాలా పనికొస్తోంది, ఆ రెండు వేలు మాత్రం ఇప్పటికీ గుర్తొస్తుంటాయి.

అలాగే పుస్తకంలో అన్నిటికంటే కింది స్వరం ఏదో వెతకండి. మూడు వాల్వుల బి ఫ్లాట్ బేస్ కింది బి ఫ్లాట్ నుంచి ఇంకో ఆరు అరస్వరాలు దిగి ఈ (E) అనే స్వరం దగ్గర ఆగిపోతుంది, అదీ శ్రుతి తప్పుతూ. నాలుగైదు వాల్వులవాళ్ల కోసం రాసిన పుస్తకం తెచ్చి ఆ స్వరాలు రాకపోతే, పిల్లవాడు తనలో లోపం ఉందనుకుంటాడు.

పుస్తకాలు ఖరీదు, నిజమే. కానీ ఆర్బన్, బోర్డోన్యీ పోయి నూరేళ్లు దాటింది. మన దేశంలో కాపీరైటు రచయిత పోయాక 60 ఏళ్లే. వాళ్ల మూలాలు నెట్‌లో ఉచితంగా, న్యాయంగా దొరుకుతాయి. ఇప్పటివాళ్లు మార్చి వేసిన ప్రతులకి మాత్రం హక్కులుంటాయి, అది వేరే లెక్క. నేను మూలం దించుకుని, రూళ్ల నోటుపుస్తకంలో బేస్ క్లెఫ్‌లోకి చేత్తో రాసుకున్నాను. ఒక్కో పాఠానికి రెండు రాత్రులు పట్టింది. రాస్తుంటే పాట ఎక్కడ వంపు తిరుగుతుందో, ఎక్కడ ఊపిరి కావాలో చేతికే తెలుస్తుంది. నలభై ఒక్క పీడీఎఫ్‌లున్న కుర్రాడికి నేను ఇదే పని అంటగట్టాను. వాడి మొహం చూడాల్సింది.

అదే నోటుపుస్తకంలో వెనక పేజీల నుంచి ఇంకో వరస నడుస్తుంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం వేసి ఉంటాయి, నొటేషన్ ఉండదు. ఆ వరసలు మా పిల్లలకి కడుపులో ఉండగానే వచ్చు. వారానికి ఒక కీర్తన తీసుకుని విని, వాళ్లే నొటేషన్ రాయాలి. తర్వాత బేస్ మీద పల్లవి, చరణం మొత్తం ఊదాలి, ఢుం ఢుం కాదు. బోర్డోన్యీలో తప్పు దాచెయ్యడానికి చోటుంటుంది, ఎవరికీ తెలియదు. కీర్తనలో ఒక్క స్వరం జారితే ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ వెనక్కి తిరిగి చూస్తుంది.

దీనికీ ఒక అభ్యంతరం ఉంది. మొన్న ఒక బ్యాండు మాస్టారు నాతో గట్టిగానే అన్నారు: "మీరు బేస్ వాళ్లకి పాటలు నేర్పి పాడుచేస్తున్నారండీ. పెళ్లిలో బేస్ వాడు పాట వాయిస్తే మేళం కూలిపోద్ది. వాడి పని గోడలా నిలబడటం." కాదనలేను. నా పాత శిష్యుడొకడు ఊరేగింపులో ఉత్సాహం ఆపుకోలేక క్లారినెట్‌తో పాటు పాటే అందుకున్నాడు. కింద నడక పోయింది, డ్రమ్ముల వాళ్లు వెనక్కి తిరిగి చూశారు. అయినా ఆ మాస్టారు ఇంకోటి కూడా చెప్పారు, తనకి తెలియకుండానే. "వాడి ఢుం మాత్రం బాగుంటదండీ, పొడుగ్గా ఉంటది" అన్నారు. ఆ పొడుగు కసరత్తు పుస్తకం నుంచి రాలేదు.

కుర్రాడు మూడు వారాల్లో మొదటి రెండు పాఠాలు రాసుకొచ్చాడు. గుర్తుల తోకలు కొన్ని తిరగబడ్డాయి గానీ స్వరాలు సరిగ్గానే ఉన్నాయి. ఊపిరి గుర్తులు మాత్రం నా నోటుపుస్తకం చూసి ఎక్కించాడు, ఇరవై ఏళ్ల కిందట నేను పెన్సిల్‌తో పెట్టుకున్నవి. అవి ఎందుకక్కడున్నాయో నాకు తెలుసు. ఆ రోజుల్లో నేను తెంచుకుంటూ ఊదేవాణ్ని. "అవన్నీ చెరిపెయ్, ఊదాక పెట్టుకో" అన్నాను. చర్చి ఆఫీసులో రబ్బరు అడిగి తెచ్చుకున్నాడు.

ఈ ఆదివారం మొదటి పాఠం చివరిదాకా వచ్చాడు. మూడో వరసలో శ్రుతి కొంచెం దిగింది, ముఖం ఎర్రబడింది. అయ్యాక పెన్సిల్ తీసుకుని, తను ఊపిరి తీసుకున్న చోట్లన్నీ గుర్తులు పెట్టుకున్నాడు. లెక్కపెట్టాను. నావాటికంటే నాలుగు తక్కువ.